మీరిది ఎన్నాళ్ళు చెప్పారు సార్?

మండల కేంద్రంలో హైస్కూలు హాలు. శిక్షణలో మూడో రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ముందు వరుసల్లో మొన్నటి డీఎస్సీలో వచ్చినవాళ్ళు శ్రద్ధగా నోట్సు రాసుకుంటున్నారు. వెనక వరుసల్లో ఇరవై, పాతికేళ్ళ సర్వీసువాళ్ళు. వాళ్ళలో ఒకరు పక్కవాళ్ళకు మాత్రమే వినపడేలా "తాతకు దగ్గులు నేర్పుతున్నారు" అంటారు. కాసేపటికి మరొకాయన లేచి, మర్యాద తప్పకుండానే అడుగుతాడు: "సార్, ఈ పద్ధతిలో మీరు మీ బడిలో ఎన్నాళ్ళు చెప్పారు?" రిసోర్స్ పర్సన్ నవ్వేస్తాడు. "నేనూ పోయిన వారమే కదండీ జిల్లాలో నేర్చుకుని వచ్చింది!" హాలంతా నవ్వు. ఫీడ్‌బ్యాక్ ఫారాలు నింపి, సంతకాలు పెట్టి, ఐదోనాడు అందరూ ఇళ్ళకు పోతారు. సోమవారం బడి తెరుస్తారు. పాఠం ఎప్పటిలాగే నడుస్తుంది.

ఆ నవ్వులో ఎవరి తప్పూ లేదు. రాష్ట్రంలో కొందరికి చెబితే వాళ్ళు జిల్లాలో కొందరికి, వాళ్ళు మండలంలో అందరికీ చెప్పడం మన శిక్షణల పద్ధతి. 2019లో కేంద్రం మొదలుపెట్టిన నిష్ఠా కార్యక్రమం దాదాపు 42 లక్షల మంది టీచర్లు, హెడ్మాస్టర్లను లెక్కలోకి తీసుకుంది. అంతమందిని చేరాలంటే ఏదో ఒక మెట్ల దారి తప్పదు. అయితే మెట్టు మెట్టుకీ మాటలు దిగుతాయి గానీ చేత్తో చేసిన అనుభవం దిగదు. బావి నీళ్ళు చేతులు మారి ఊరి చివరికి వచ్చేసరికి బిందెలో మిగిలేది ఎంతో మనకు తెలుసు.

బడుల్లో మార్పు ఎందుకు నిలవదని ఎవరినడిగినా రెండు జవాబులు వినిపిస్తాయి. ఆఫీసులో అడిగితే "టీచర్లు మారరండీ". స్టాఫ్ రూములో అడిగితే "పైవాళ్ళకు తరగతి గది తెలీదండీ". రెండింట్లోనూ కొంత నిజం ఉంది, కొంత విసుగూ ఉంది. ఈ విషయంలో దశాబ్దాలుగా పోగైన అనుభవం, పరిశోధన మన దగ్గర చాలానే ఉన్నాయి. అందులో మంచి భాగం మన నేల మీద జరిగిందే. దాన్ని ఓపిగ్గా చూస్తే తేలేదేమిటంటే, టీచరు కొత్త పద్ధతిని వద్దన్నప్పుడు చాలాసార్లు అది మొండితనం కానే కాదు. వ్యవస్థ నిజంగా తన నుంచి ఏం కోరుతోందో టీచరు సరిగ్గానే చదివాడు. జీవో చెప్పేది ఒకటి, తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగేది మరొకటి అయితే రెండోదాన్నే నమ్ముతాడు.

ముందు మన కథే చూద్దాం. నలభై దాటిన చాలామందికి ప్రాథమిక పాఠశాల గదిలో ఈ గోడకూ ఆ గోడకూ కట్టిన తీగలు, వాటికి వేలాడే పిల్లల బొమ్మలు గుర్తుండే ఉంటాయి. అవి ఏపీపీఈపీ నాటి గుర్తులు. పూర్తి పేరు ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1984లో కొన్ని వందల బడుల్లో చిన్నగా మొదలై, 1989 నుంచి అప్పటి 23 జిల్లాలకూ విస్తరించింది. దానికి ఆరు సూత్రాలు. టీచరే కృత్యాలు తయారుచేసుకోవాలి. పిల్లలు చేసి, కనిపెట్టి నేర్చుకోవాలి. ఒంటరిగా, జట్టుగా, తరగతి మొత్తంగా పని జరగాలి. పిల్లల మధ్య ఉండే తేడాలను పట్టించుకోవాలి. చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవాలి. గదిలో పిల్లల పనిని ప్రదర్శించాలి. ఇప్పటి విద్యా విధానాల పత్రాలు తిరగేస్తే ఈ ఆరే వేరే పేర్లతో ఎదురవుతాయి.

ఈ ఆరింటిలో కంటికి కనిపించేవి త్వరగా పాకాయి. తీగలు వచ్చాయి. బొమ్మలు వేలాడాయి. పిల్లలు వరుసలు వదిలి గుండ్రంగా కూర్చున్నారు. అయితే గుండ్రంగా కూర్చున్న ఆరుగురూ ఎవరి పలక మీద వాళ్ళు ఒకే ఎక్కాన్ని దించుకుంటూ ఉండేవాళ్ళు. జట్టుగా కూర్చోవడం వచ్చింది గానీ జట్టుగా ఆలోచించడం చాలా గదుల్లోకి రాలేదు. తనిఖీకి వచ్చినవాళ్ళకు గడప దగ్గర నిలబడితే కనపడేది కూర్చున్న తీరే. ఒక పిల్ల ఇంకో పిల్లకు ఏం చెబుతోందో వినాలంటే లోపలికొచ్చి పక్కన చతికిలబడాలి. ఆ తీరిక ఎవరికుంటుంది? అలాగని ఆ పథకం వృథా అయిందని నేననను. టీచర్లు అప్పుడప్పుడూ ఒకచోట చేరి పాఠాల గురించి మాట్లాడుకునే టీచర్ సెంటర్లను అది ఊరూరా అలవాటు చేసింది. ఈనాటి స్కూల్ కాంప్లెక్స్ మీటింగులకు ఉన్న జీవం, ఎంత మిగిలితే అంత, ఆ అలవాటు నుంచి వచ్చినదే.

ఇది మన టీచర్లకే పరిమితమైన లోపమని ఎవరైనా అంటే వాళ్ళకు కాలిఫోర్నియా టీచరమ్మ కథ చెప్పాలి. 1985లో ఆ రాష్ట్రం లెక్కల బోధనను మార్చాలనుకుంది. సూత్రాలు బట్టీ పట్టించడం తగ్గించి, పిల్లలు అర్థం చేసుకునేలా చెప్పమంది. కొన్నేళ్ళ తర్వాత డేవిడ్ కోహెన్ అనే పరిశోధకుడు రెండో తరగతి చెప్పే ఒక టీచరు గదిలో కూర్చుని చూశాడు. ఆమె అసలు పేరు దాచి మిసెస్ ఊబ్లియే అని పేరు పెట్టి, 1990లో వ్యాసం రాశాడు. తన బోధనలో విప్లవం వచ్చిందని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. గదిలో గింజలు, గ్లాసులు, పుల్లలు అన్నీ ఉన్నాయి. పిల్లలు జట్లుగా కూర్చున్నారు. అయితే ఆ జట్లు కాగితాలు పంచడానికి, భోజనానికి వరుసగా పంపడానికి పనికొస్తున్నాయి. పిల్లల మాటలన్నీ టీచరు మీదుగానే సాగుతున్నాయి. గింజలతో చేసే పనికీ ఒకటే దారి, ఒకటే జవాబు. ఎందుకలా వచ్చిందన్న చర్చ లేదు.

కోహెన్ ఆమెను వెక్కిరించలేదు. ఆ వ్యాసంలో నాకు నచ్చింది అదే. ఆమె తను చదువుకున్నప్పుడు ఆ తీరులో లెక్కలు ఎన్నడూ నేర్చుకోలేదు. కొత్త పద్ధతి చూపించినవాళ్ళూ ఆమెను పాత పద్ధతిలోనే, ఉపన్యాసాలతో, చిన్న వర్క్‌షాపులతో తయారుచేశారు. ఉన్న ఇంటి మీదే ఆమె కొత్త గది కట్టుకుంది. అంతకు మించి ఎవరం చేస్తాం? డాన్ లోర్టీ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లోనే ఒక మాట చెప్పాడు. లాయరు కాబోయేవాడు కోర్టునూ, డాక్టరు కాబోయేవాడు ఆపరేషన్ గదినీ చిన్నప్పటి నుంచి రోజూ చూడడు. టీచరు కాబోయేవాడు మాత్రం బల్ల మీద కూర్చుని ఏళ్ళ తరబడి టీచర్లనే చూస్తూ పెరుగుతాడు. బీఈడీ ఒకటి రెండేళ్ళు, ఈ చూపు పన్నెండు పదమూడేళ్ళు. మన మూడో తరగతి మాస్టారు సుద్దముక్క పట్టుకున్న తీరు మన చేతిలో ఉంటుంది. ఐదు రోజుల శిక్షణ ఆ చేతితో పోటీపడాలి.

అయితే అది మారదా? మారుతుంది. మారే వరుస మనం అనుకునే వరుస కాదు. ముందు టీచరు మనసు మార్చాలి, మనసు మారితే పాఠం మారుతుంది, పాఠం మారితే పిల్లలు బాగా నేర్చుకుంటారు: శిక్షణలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. మొదటి రోజు స్ఫూర్తి ప్రసంగాలు అందుకే. అమెరికాలో టామస్ గస్కీ అనే విద్యావేత్త 1986లో ఈ వరుసను తిరగేశాడు. టీచరు ముందు చిన్న మార్పు చేసి చూస్తాడు, తన పిల్లల్లో తేడా కళ్ళారా చూస్తాడు, ఆ తర్వాతే నమ్ముతాడు అన్నాడు. కొత్త వరి వంగడం గురించి రైతు మీటింగులో వింటాడు, పక్క పొలంలో కంకి బరువు చూశాక వేస్తాడు. టీచరు అంతకన్నా భిన్నమేమీ కాదు. 'అఆ'లు రాని పిల్లవాడు మూడు వారాల్లో బస్సు బోర్డు చదివితే, ఆ టీచరుకు ఇక ప్రసంగం అక్కర్లేదు. ఆ మొదటి మూడు వారాలు గడిచేలా ఎలా చేయాలన్నదే అసలు చిక్కు.

ఆ మొదటి వారాల్లో టీచరు మనసులో ఏం నడుస్తుందో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సెస్ ఫుల్లర్ 1960లలోనే గమనించారు. టీచరు పని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు దిగుళ్ళు ఒక వరుసలో వస్తాయన్నారు. కొత్త పద్ధతి ఎదురైన పాత టీచరుకూ అదే వరుస. మొదట తన గురించి. నా వల్ల అవుతుందా? పిల్లల ముందు నవ్వులపాలు కానా? తర్వాత పని గురించి. ఇది ఏ పిరియడ్‌లో చెప్పాలి, సామాను ఎక్కడిది, సిలబస్ ఎప్పుడు పూర్తిచేయాలి? ఆ రెండూ తీరాకే పిల్లలు ఏం నేర్చుకుంటున్నారన్న ఆలోచనకు చోటు దొరుకుతుంది. మన శిక్షణలు మొదటి నిమిషం నుంచీ ఈ మూడోదాని గురించే మాట్లాడతాయి. వినేవాళ్ళు ఇంకా మొదటిదాని దగ్గరే ఉంటారు.

ఇంగ్లిష్ మీడియం మార్పును ఈ కళ్ళతో చూడండి. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం తెస్తూ జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. వాదాలు, ప్రతివాదాలు చాలా నడిచాయి, వాటిలోకి ఇక్కడ పోను. తెలంగాణ 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టింది. ఈ రెండు చోట్లా తెలుగు మీడియంలో చదివి, తెలుగులో పాతికేళ్ళు సైన్సు చెప్పిన టీచరు మనసులో మెదిలిన మొదటి దిగులు పిల్లల భవిష్యత్తు గురించి కాదు. "నా ఇంగ్లిష్ విని వెనక బెంచీవాడు నవ్వితే?" అన్నది. ఆ దిగులు తీర్చింది ఏ ప్రసంగమూ కాదు, పుస్తకం. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఆ ద్విభాషా పుస్తకం పిల్లల కోసం అచ్చేశారని అందరూ అనుకుంటారు. అది టీచరు పరువునూ కాపాడింది. మాట తడబడితే కళ్ళు ఎదురు పేజీకి పోతాయి, పాఠం ఆగదు. మార్పుకు సాయమంటే నా దృష్టిలో ఇలాంటిదే: చేతికి అందేది, అడగకుండానే ఆదుకునేది.

ఇక కొలిచి చూసిన లెక్కల వైపు వద్దాం. ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో 2005-06 నుంచి పెద్ద పరిశోధన జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాన్ని నడిపారు. అందులో ఒక ప్రయోగం చాలా సులువుగా ఉంటుంది. కొన్ని బడుల్లో ఏడాది మొదట పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏది వచ్చు, ఏది రాదు అని వివరంగా నివేదిక తయారుచేసి టీచరు చేతికిచ్చారు. దాన్ని ఎలా వాడుకోవాలో రాసిచ్చారు. ఏడాదంతా అప్పుడప్పుడూ వచ్చి చూశారు. చూడ్డానికి వచ్చినప్పుడు ఆ టీచర్లు మిగతావాళ్ళకన్నా చురుగ్గా పనిచేస్తూ కనిపించారు. ఏడాది చివరి పరీక్షలో మాత్రం పిల్లల మార్కుల్లో తేడా ఏమీ లేదు. తరగతిలో చూసేవాళ్ళు ఉన్నప్పుడు జరిగేది, లేనప్పుడు జరిగేది వేరని అంతకన్నా చక్కగా ఎవరు చెప్పగలరు?

అదే పరిశోధనలో ఇంకో ప్రయోగం. పిల్లలు మెరుగుపడితే టీచరుకు బోనస్ ఇస్తామన్నారు. అది సగటున ఏడాది జీతంలో మూడు శాతం దరిదాపుల్లో ఉంటుంది. పెద్ద మొత్తమేం కాదు. అక్కడ పిల్లల చదువు నిజంగానే మెరుగుపడింది. టీచర్ల గైర్హాజరు తగ్గిందా అంటే తగ్గలేదు. వచ్చిన రోజున ఎక్కువ పని చేశారు, అదనపు క్లాసులు తీసుకున్నారు, హోంవర్క్ ఇచ్చారు. అన్నింటికన్నా ఆసక్తికరమైనది మరొకటుంది. నివేదిక పనికొచ్చిందని చెప్పిన టీచర్ల పిల్లలు ముందుకు వెళ్ళడం బోనస్ ఉన్న బడుల్లోనే కనిపించింది. కాగితంలో సమాచారం రెండు చోట్లా ఒకటే. వాడుకోవాలన్న కారణం ఒకచోటే ఉంది. దీన్ని బట్టి అందరికీ బోనసులు పంచమని నేను చెప్పడం లేదు. బోనస్ ఆ టీచరుకు "నీ నుంచి నిజంగా కోరేది ఇదీ" అని తేటగా చెప్పింది. అది చెప్పే దారులు వేరేవీ ఉన్నాయి.

అలాంటి దారి ఒకటి బిహార్, హర్యానాల్లో దొరికింది. ప్రథమ్ సంస్థ పద్ధతి చాలామందికి తెలిసిందే. తరగతిని పక్కనపెట్టి, అక్షరాలు మాత్రమే వచ్చినవాళ్ళు ఒక జట్టు, పదాలు చదివేవాళ్ళు ఒక జట్టు, పేరా చదివేవాళ్ళు ఒక జట్టుగా విడగొట్టి, ఎవరున్న చోటి నుంచి వాళ్ళను పైకి తీసుకెళతారు. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం దీన్ని ఏళ్ళ తరబడి పరీక్షించింది. బిహార్‌లో 2008 వేసవిలో ప్రభుత్వ టీచర్లే శిబిరాలు నడిపారు. కొద్ది వారాల్లోనే పిల్లలు చదవడంలో ముందుకొచ్చారు. బడులు తెరిచాక అదే రాష్ట్రంలో టీచర్లకు శిక్షణ ఇచ్చి, పుస్తకాలిచ్చి వదిలేస్తే ఫలితం కనపడలేదు. వేసవిలో వచ్చిన పని బడి రోజుల్లో రాకుండా పోయిందా? పోలేదు. బడి రోజుల్లో సిలబస్ ఉంది. పాఠ్యపుస్తకం పూర్తిచేయడమే తన ఉద్యోగమని టీచరు నమ్మాడు, అలాగే నమ్మమని వ్యవస్థ అతనికి ఏళ్ళుగా చెబుతూ వచ్చింది. జట్లు కట్టి చదివించడం తీరిక ఉంటే చేసే పుణ్యకార్యంగా మిగిలిపోయింది.

ఆ పాఠం నేర్చుకుని హర్యానాలో వేరేలా చేశారు. టైమ్ టేబుల్లో ఒక గంట దీనికే కేటాయించారు. బడి రోజును ఆ మేరకు పొడిగించారు. ఆ గంటలో సిలబస్ ఊసు లేదు. ఇది ప్రభుత్వ కార్యక్రమమేనని అందరికీ తెలిసేలా చేశారు. అప్పుడు అదే పద్ధతి, అలాంటి ప్రభుత్వ టీచర్ల చేతుల్లోనే పనిచేసింది. పిల్లల హిందీ చదువు మెరుగుపడింది. అదే పరిశోధనలో సీసీఈని, అంటే నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని, ఈ గంట పద్ధతితో పక్కపక్కనే పెట్టి వందల బడుల్లో కొలిచారు. సీసీఈ వల్ల పిల్లల చదువులో తేడా రాలేదు. టీచర్లకు శిక్షణ ఉంది, పుస్తకాలున్నాయి, పట్టికలున్నాయి. పట్టికలు నింపాక ఏం చేయాలో, ఏ సమయంలో చేయాలో లేదు.

సీసీఈ అనగానే మన టీచర్ల ముఖాల్లో కనపడే చిరునవ్వుకు అర్థం ఇక్కడ తెలుస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం దాన్ని తెచ్చింది. ఆలోచన మంచిది. పిల్లవాణ్ణి ఏడాది చివర ఒక పరీక్షతో తూచకుండా, నేర్చుకుంటున్నప్పుడే గమనించి సాయం చేయమంది. ఆచరణలో అది ఫార్మేటివ్ ఒకటి, రెండు, మూడు, నాలుగు అయింది. ప్రతిదానికీ రికార్డు. ప్రాజెక్టు పనులు జిరాక్సు షాపులో దొరికాయి. పిల్లలు వాటిని దించుకుని అట్ట వేసి ఇచ్చారు. పదో తరగతిలో ఇంటర్నల్ మార్కులు ఇరవైకి ఇరవై వేసుకుంటున్నారన్న గోల పెరిగి, ఆంధ్రప్రదేశ్ 2019లో వాటిని ఎత్తేసింది. మంచి ఆలోచన మార్కులతో ముడిపడితే మార్కులే మిగులుతాయి. పిల్లవాణ్ణి గమనించడమనే అసలు పనికి గంట కావాలి. ఆ గంట ఎవరూ ఇవ్వలేదు.

"కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ బొద్దుగా ఉండాలి" అని మన పెద్దలన్నది ఇలాంటి వాటి గురించే. పాత పనులేవీ తగ్గకూడదు, కొత్తవి చేరాలి. ఒకే టీచరు ఐదు తరగతులు చూసే బడిని ఊహించండి. ఊహించడమెందుకు, అలాంటివి రెండు రాష్ట్రాల్లోనూ కొల్లలు. ఒకటో తరగతికి అక్షరం దిద్దిస్తూ నాలుగో తరగతికి భాగహారం చెబుతూ, మధ్యలో మధ్యాహ్న భోజనం లెక్క చూడాలి. వీటికి తోడు చట్టమే అనుమతించిన ఎన్నికల పనులు, జనగణన. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ళు హాజరుకు ఒక యాప్, భోజనానికి ఒకటి, మరుగుదొడ్ల శుభ్రతకు ఫొటోలు. 2022 ఆగస్టులో ముఖం గుర్తించే హాజరు యాప్‌ను సొంత ఫోన్లలో వేసుకోమన్నప్పుడు టీచర్ల సంఘాలు ఎదురుతిరిగాయి. హాజరు తీసుకోవడం తప్పని ఎవరూ అనరు. సిగ్నల్ లేని ఊళ్ళో ఫోన్ పైకెత్తి గోడ చుట్టూ తిరిగే పది నిమిషాలు ఎవరివని అడగాలి. కొత్త కార్యక్రమం ప్రకటించే ప్రతి సర్క్యులర్‌లోనూ మొదటి పేరాలో ఏ పాత పని ఆపేస్తున్నామో రాయాలన్న నియమం పెడితే, సగం సర్క్యులర్లు రాయడానికే కష్టమవుతుందని నా అనుమానం.

ఇంకో సంగతీ ఉంది. పెద్ద సర్వీసున్న టీచరు కొత్త మార్పును చూసి "చూద్దాం" అని ఊరుకోవడానికి కారణం సోమరితనం అనుకుంటాం. ఆయన అనుభవం వేరేది చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతులు హైస్కూళ్ళకు పోయాయి. 2025లో ఆ జీవో రద్దయింది. వెయ్యి ప్రభుత్వ బడులకు సీబీఎస్ఈ గుర్తింపు తెచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ బడులను రాష్ట్ర బోర్డు పరీక్షలకే తిప్పారు. ఏది మంచిదో, ఏది కాదో వాదించుకోవచ్చు. కానీ మొదటి మార్పుకు చెమటోడ్చి అలవాటుపడ్డ టీచరుకు రెండు మూడేళ్ళలో అది పోయాక మిగిలింది ఏమిటి? తర్వాతిసారి తొందరపడకూడదన్న తెలివి. మైకేల్ ఫుల్లన్ అనే కెనడా విద్యావేత్త అంటాడు, మంచి మార్పు కూడా మొదట్లో ఫలితాలను కాస్త కిందికే లాగుతుందని. సైకిల్ తొక్కడం నేర్చుకునేవాడు నడకకన్నా నెమ్మదిగా పోయే రోజులవి. ఆ పల్లంలో ఉండగానే మన దగ్గర పథకం పేరు మారిపోతుంది.

నిలిచిన మార్పులు ఎలా ఉంటాయో చూడాలంటే కెన్యా దాకా వెళ్ళాలి. 'టుసోమే' అనే కార్యక్రమాన్ని అక్కడ 2015లో దేశమంతటా ఒకటి, రెండు తరగతులకు తెచ్చారు. స్వాహిలీలో ఆ మాటకు 'చదువుదాం' అని అర్థం. ప్రతి పిల్లకూ ఒక పుస్తకం. టీచరుకు రోజువారీ పాఠం రాసి ఉన్న గైడు. అన్నింటికన్నా ముఖ్యంగా, అప్పటికే ఉన్న క్షేత్రస్థాయి అధికారులను తనిఖీ పని నుంచి సాయం పనికి మళ్ళించారు. వాళ్ళు బడికి వచ్చి పాఠం చూసి, కొందరు పిల్లలతో చదివించి, ఆ తర్వాత టీచరుతో కూర్చుని మాట్లాడాలి. ఎన్ని బడులు తిరిగారో ట్యాబ్‌లో నమోదయితేనే ప్రయాణ ఖర్చులు. మన సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) మోటార్ సైకిల్ పెట్రోలు ఎవరి జేబులోంచి పోతుందో తెలిసినవాళ్ళకు ఈ చివరి ముక్క విలువ అర్థమవుతుంది.

రోజువారీ గైడు టీచరును మరబొమ్మను చేస్తుందని కొందరు అంటారు. ఆ బాధ న్యాయమైనదే. ఏది ఎప్పుడు ఏ మాటల్లో చెప్పాలో రాసిస్తే పాతికేళ్ళ టీచరుకు అవమానంగా ఉంటుంది. నాకు తోచేదేమంటే, కొత్త పద్ధతి మొదటి నెలల్లో గైడు చేతికర్రలాంటిది, నడక వచ్చినవాళ్ళ చేతిలోంచి దాన్ని తీసేసే ఏర్పాటూ ఉండాలి. మన శాఖలకు ఇవ్వడం వచ్చు, తీసేయడం రాదు. తెలంగాణలో 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు గట్టిపరచాలని వచ్చింది. లక్ష్యం సరైనదే. దాని భవిష్యత్తు బడికి వచ్చే అధికారి పాఠ్యప్రణాళిక రిజిస్టరు ముందు అడుగుతారా, పిల్లవాణ్ణి పిలిచి చదివిస్తారా అన్నదాని మీద ఉంది. రిజిస్టరు అడిగిన ఊళ్ళో రిజిస్టరు బాగుంటుంది.

హెడ్మాస్టరు చేతిలో ఉన్నదీ తక్కువేం కాదు. మార్పును స్టాఫ్ అంతటికీ ఒకేసారి రుద్దకుండా, ఇష్టమున్న ఇద్దరితో, ఒకే పిరియడ్‌తో మొదలుపెట్టొచ్చు. ఆ ఇద్దరి గదుల్లోకి మిగతావాళ్ళు వెళ్ళి కూర్చునేలా వారానికి ఒక పిరియడ్ సర్దొచ్చు. జపాన్‌లో టీచర్లు ఒక పాఠాన్ని కలిసి తయారుచేసి, ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు వెనక నిలబడి పిల్లలను గమనించి, తర్వాత పాఠం గురించి మాట్లాడుకోవడం వందేళ్ళుగా మామూలు సంగతి. విమర్శ పాఠం మీద ఉంటుంది, మనిషి మీద ఉండదు. మన దగ్గర ఇంకో టీచరు గదిలోకి వస్తే "నా మీద రిపోర్టు రాస్తారా?" అన్న అనుమానం ముందొస్తుంది. అది పోవాలంటే మొదట హెడ్మాస్టరే తన పాఠాన్ని చూడమని పిలవాలి. తడబడితే తడబడనివ్వాలి.

హర్యానా కథలో నేను కావాలనే దాచిన భాగం ఒకటుంది. అక్కడ టీచర్లకు చెప్పడానికి, వాళ్ళ బడులు తిరిగి చూడడానికి బ్లాకు స్థాయి రిసోర్స్ సిబ్బందిని నియమించారు. మన సీఆర్పీలు, మండల రిసోర్స్ పర్సన్ల లాంటివాళ్ళు. టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి ముందు వాళ్ళనే బడుల్లోకి పంపారు. ఒక్కొక్కరూ పదిహేను, ఇరవై రోజుల పాటు పిల్లల ముందు కూర్చుని జట్లు కట్టి, అక్షరాల కార్డులు పరిచి, కదలని పిల్లలను కదిలించి, తాము చెప్పబోయే పద్ధతిని తామే చేసి చూశారు. ఆ తర్వాతే శిక్షణ హాల్లో నిలబడ్డారు. వెనక వరుసలోంచి ఎవరైనా లేచి "మీరిది ఎన్నాళ్ళు చెప్పారు సార్?" అని అడిగితే, చెప్పడానికి వాళ్ళ దగ్గర ఊరి పేరూ, రోజుల లెక్కా, మొదటి వారం అస్సలు దారికి రాని పిల్లవాడి సంగతీ ఉన్నాయి.